గాలి లేనినాడు తీసిన ఫొటో

మా ఇంట్లోకి సముద్రం పుస్తకాలు వచ్చినప్పుడు వాటిని పెట్టడానికి చోటు లేక బ్రోచర్ల కట్టల మీదే పెట్టాం. మా ఆయనది ప్లాట్ల వ్యాపారం. శామీర్‌పేట దాటాక మాకున్న చెలకకు పక్కవాళ్ళ చెలకలు కలిపి వెంచర్ వేశాడు. సోఫా పక్కన, మెట్ల కింద, ఆఖరికి బియ్యం డబ్బా మీద కూడా ఆ వెంచర్ బ్రోచర్లే ఉండేవి. నున్నటి కాగితం, పచ్చటి గడ్డి, నీలం ఆకాశం. చుట్టాల పిల్లలు వస్తే వాటితో పడవలు చేసి బకెట్లో వదిలేవాళ్ళు. నిజం పడవను మా ఇంటి ఆడపిల్లే నడుపుతుందని అప్పుడెవరనుకున్నారు?

మా చిన్నబిడ్డ బడిలో ఉండగా హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు నేర్పిస్తారంటే పేరు రాయించుకుంది. ఎండాకాలం సెలవుల్లో ఆడుకుంటుందిలే అనుకున్నాం. సెలవులు అయిపోయాయి, పడవ పిచ్చి పోలేదు. డిగ్రీ చదివింది, మేడ్చల్‌లోనే ఒక కంపెనీలో ఉద్యోగం వస్తే వద్దంది, గోవా పోయింది. ఎవరెవరివో తెరచాప పడవలను ఒక రేవు నుంచి ఇంకో రేవుకు చేర్చే పని అక్కడ.

"అంటే కారు డ్రైవర్ లెక్కనా?" అని అడిగాడు మా ఆయన.

"గా లెక్కనే బాపు. రోడ్డు మాత్రం కనబడది."

ఆ మాటతో ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఫోన్ వస్తే నా చేతికిచ్చి బయటికి పోయేవాడు. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, "ఏం పటేలా, బిడ్డ చేపలు పడుతాందట గదా, మాకేమన్న పంపుతాందా?" అని. ఆయన ముఖం మాడ్చుకునేవాడు. నేను మాత్రం కంపెనీలో మేనేజర్ అని చెప్పేదాన్ని. ఏ కంపెనీ అని ఎవరైనా అడిగితే, అన్నం వడ్డించే పని ఏదో గుర్తొచ్చి లేచిపోయేదాన్ని.

అన్నం వడ్డించడం నాకు బాగా తెలిసిన పని. వెంచర్‌లో కూడా నా పని అదే. ఆదివారం పొద్దున గాజులరామారం నుంచో బహదూర్‌పల్లి నుంచో బస్సు నిండా మనుషుల్ని తీసుకొచ్చి, స్థలం చూపించి, భోజనం పెట్టి పంపడాన్ని సైట్ విజిట్ అంటారు. స్థలం చూపించేది ఆయన, భోజనం పెట్టేది నేను. వంటవాళ్ళను పెట్టుకుందామంటే వద్దన్నాడు. "నువ్వు పెడితే ఇంటి లెక్కుంటది" అన్నాడు. బగారన్నం, కోడికూర, దాల్చా. షామియానా కింద నిలబడి నేనే వడ్డించేదాన్ని.

ఆడవాళ్ళు మ్యాప్ చూసినంతసేపు చూసి, ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. మెల్లగా అడిగేవాళ్ళు. "బోరు పడుతదా అమ్మా? వానకాలంల ఇటు నీళ్ళొస్తయా?" అని. ఆయన్ని అడిగేవాళ్ళు కాదు, నన్నే అడిగేవాళ్ళు. నా బొట్టు చూసో, కొంగు నడుముకు దోపుకున్న తీరు చూసో, ఈమె అబద్ధం ఆడదనుకునేవాళ్ళేమో. నేను అబద్ధం ఆడలేదు. "దేవుని దయ బిడ్డా, మంచిగనే ఉంటది" అనేదాన్ని. ఆ మాటలో అబద్ధం ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేరు.

వెంచర్ కింది కొస నుంచి ఒక కుంట నిండితే పొర్లే అలుగు నీళ్ళు పారేవి. వానలు సరిగ్గా పడని ఏళ్ళు వరుసగా వచ్చేసరికి ఆ సంగతి భూమే మర్చిపోయినట్టుంది. అక్కడ చివరి వరుస ప్లాట్లు గీశారు. బ్రోచర్‌లో ఆ వరుసకు "చెరువు గాలి వీచే వరుస" అని రాయించారు. వానాకాలంలో మేము సైట్ విజిట్ పెట్టం. బస్సు చక్రాలు దిగబడతాయని పైకి చెప్పే మాట.

ఇగ బిడ్డ సంగతికి వస్తాను. ఆ ఏడు వానలు వెనక్కి పోయాక ఇంటికొచ్చింది. ముఖం నల్లబడి, అరచేతులు తాళ్ళకు కాయలు కాసి, కల్లు గీసేవాడి చేతుల్లా ఉన్నాయి. ఒక పాత తెరచాప పడవను గోవా నుంచి కొచ్చి చేర్చాలట. అప్పటిదాకా వేరే కెప్టెన్ల కింద పోయింది. ఈసారి ఆమే కెప్టెన్, తోడు ఇంకొక్క పిల్ల. ఇద్దరే కాబట్టి నిద్ర మాని రేయింబవళ్ళు పోలేరు. పొద్దుగూకే వేళకు ఒడ్డు దగ్గర ఎక్కడో ఒకచోట లంగరు వేసి ఆగాలి, తెల్లవారి మళ్ళీ పోవాలి.

"నడిసంద్రంల పడవ మునిగితే ఎట్లనే?" అన్నాను.

రొట్టెలు చేస్తున్న నా పక్కనే గట్టు మీద కూర్చుని నవ్వింది. "మునిగేది నడిసంద్రంల గాదమ్మా. నడిమిట్ల గుద్దుకునేందుకు ఏముంటది? పడవలు పోయేది ఒడ్డు కాడ్నే. ఆగే జాగ తప్పితేనే."

"మరి ఆగే జాగ ఎట్ల ఎరుకైతది?"

"గందుకే పుస్తకం" అంది.

పుస్తకాలు రెండు తెచ్చింది. ఒకటి లావు అట్టది, పెద్ద ఓడల కోసం సర్కారు వాళ్ళు వేసింది. అందులో అన్నీ ఉన్నాయి కానీ చిన్న పడవ ఆగే మూలలు లేవట. లారీలకు రాసిన దాంట్లో సైకిల్ దారి వెతికినట్టని నాకర్థమైంది. రెండోది ఒక ముసలి దంపతులు రాసింది. వాళ్ళు ఫారిన్ వాళ్ళు, తమ చిన్న పడవలో మన తీరమంతా తిరిగి రాశారు. గోవాలో ఒక కెప్టెన్ దగ్గర అడిగి తెచ్చుకుంది. ఉప్పునీళ్ళకు కాగితాలు ఉబ్బి, మరమరాల సంచిలా లావైపోయింది. వాసన కూడా ఎండుచేపల వాసన. దాన్ని దేవుడి గది దగ్గర పెట్టనివ్వలేదు నేను.

"అది మస్తు పాతది గదా, కొత్తది ఏం దొరుకదా?" అన్నాను.

"ఒకటి ఉన్నదట. నేను సూడలే."

ఆ మాట మోసుకుపోయి మా ఆయన చెవిన వేసింది నేనే. ఆయన టీవీ చూస్తూ విన్నాడో లేదో తెలియలేదు. కానీ రెండు మూడు రోజులకే పార్సిల్ వచ్చింది. తన చేతులతోనే విప్పాడు. కొత్త పుస్తకం. అట్ట మీద తెల్లటి పడవ, పచ్చలాంటి నీళ్ళు. లోపల ప్రతి పేజీకీ రంగు ఫొటో, పైనుంచి డ్రోన్‌తో తీసినవి. ఆయన చేత్తో కాగితాన్ని మెల్లగా నిమిరి చూశాడు. కాగితం మందం చూడటం ఆయనకు అలవాటు.

బిడ్డ ముందు పెట్టి, ఎన్నాళ్ళకో ఆమె ముఖంలోకి చూసి మాట్లాడాడు. "ఇగో, గిది పట్టుకపో. గా కంపు కొట్టేది ఎందుకు? కెప్టెనమ్మకు మంచి పుస్తకం ఉండాలె గదా."

కెప్టెనమ్మ అన్నాడు. బిడ్డ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనైతే వంటింట్లోకి పోయి కొంగుతో ముఖం ఒత్తుకున్నాను. పసుపు కుంకుమ తెచ్చి పుస్తకానికి బొట్టు పెట్టాను. భూమి కాగితాలకు పెట్టినట్టే నాలుగు మూలలా పెట్టాను.

ఆ సాయంత్రం బిడ్డ మంచం మీద పుస్తకాలు పక్కపక్కన పరిచి చూస్తుంటే నేను పోయి మెల్లగా చెప్పాను. "నాయిన మాట్లాడిండు. ఇగ ఆయన తెచ్చిందే పట్టుకపో బిడ్డా."

"రెండూ పట్టుకపోవచ్చమ్మా, బరువేం గాదు. కానీ గిక్కడ సూడు." ఒక నది సముద్రంలో కలిసే చోటు చూపించింది. ప్రయాణంలో ఒక సాయంత్రం అక్కడే ఆగాలట. "బాపు తెచ్చింది సక్కగ నది లోపలికి పొమ్మంటాంది. పాతది పోవద్దంటాంది. నది మొగకాడ ఇసుక మేట ఉంటదట, ఏటేటా వానలకు జాగ మారుతదట. బయట దీవి సాటుకు ఉండమంటాంది. పొద్దుగూకంగ గాలి లేసినంక రెండూ చెరో మాట చెప్తే దేన్ని నమ్మాలె? అది గాడికి పోయినంక తేల్సుకునేది గాదు. ఇప్పుడే తేల్సుకోవాలె."

"దేన్ని నమ్ముతవ్ మరి?"

"తెల్వదు" అంది. నా బిడ్డ ఏదైనా తెలియదని చెప్పడం నాకు కొత్త. ఒక పుస్తకం కాదంటే తండ్రి మళ్ళీ ముఖం తిప్పుకుంటాడు. ఇంకొకటి కాదంటే ఏమవుతుందో ఆలోచించడానికే భయమేసింది.

ఆదివారం బౌరంపేట్ నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. మా ఆయనకు అక్క. నోరు పెద్దది, మనసులో ఏమీ ఉంచుకోదు. చాయ్ తాగుతుండగా మా ఆయన ఆ పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సూడక్కా, మనోల్లల్ల ఎవరి ఇంట్లనన్న ఇసొంటిది ఉన్నదా?"

ఆమె పేజీలు తిప్పింది. "అబ్బ, ఏం రంగులురా తమ్మీ! పెండ్లి ఆల్బమ్ లెక్కున్నది. ఏం రాసిన్రే కోడలా, సదువు."

"సదువు, అత్తకు ఇనిపియ్యి" అన్నాడు ఆయన కూడా, సోఫాలో వెనక్కి వాలి.

బిడ్డ పుస్తకం తీసుకుంది. అటూ ఇటూ తిప్పి ఒకచోట ఆగింది. "ఆగు అత్తా, నేను పోయిన జాగ సదువుత. తెల్వని జాగ సదివితే నాకేం ఎరుకైతది? తెలిసిన జాగ గురించి నిజం జెప్పిండా లేదా సూస్తే, తెల్వని జాగ గురించి ఏం జెప్తడో అదే ఎరుకైతది."

"అది మంచి మాటనే" అన్నాడు మా ఆయన.

గోవాకు దిగువన ఒక చిన్న వంపు అది. కిందటేడు వాళ్ళ కెప్టెన్‌తో పోయి అక్కడ ఆగిందట. బిడ్డ ఇంగ్లీషులో ఒక్కో మాట చదివి తెలుగులో చెప్పింది. చుట్టూ కొబ్బరిచెట్లు, మెత్తటి ఇసుక, ఏ గాలికీ భయం లేదు, ఇక్కడ లంగరు వేస్తే ఊయలలో పడుకున్నట్టేనని రాశారట.

చదివి పుస్తకం ఒళ్ళో బోర్లించింది.

"ఏమైందే?" అంది ఆడబిడ్డ.

"గాడ ఇసుక పల్సగ ఉంటదత్తా, రొట్టె మీద పిండి సల్లినట్టు. కింద అంత రాయే. లంగరు పట్టది. గాలి మర్లి దక్షిణం నుంచి కొట్టంగనే మా పడవ రాళ్ళ దిక్కు జారవట్టింది. ఇంజన్ లేసింది కాబట్టి బతికినం."

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

"మరి గా కంపు పుస్తకం ఏం జెప్తాందో?" అన్నాడు మా ఆయన. గొంతు కొంచెం గట్టిపడింది.

బిడ్డ లేచిపోయి పాత పుస్తకం తెచ్చింది. అదే వంపు వెతికి చదివింది. "మేము ఇక్కడ లంగరు వేశాం. వేయకుండా ఉండాల్సింది. చెట్లను చూసి మోసపోయాను, అడుగు చూడలేదు. నా భార్య ముందే వద్దంది, నేను వినలేదు. పడవ జారింది, చుక్కాని విరిగింది. గాలి ఉత్తరం నుంచి ఉన్నంతవరకు పగటిపూట ఆగవచ్చు. రాత్రికి వద్దు."

ఆడబిడ్డ పకపకా నవ్వింది. "ఓయమ్మో! పెండ్లాం మాట ఇనకపోతినని పుస్తకంల అచ్చేసుకున్నడా? మన దిక్కు అసొంటి మొగోడు దీపం పెట్టి ఎతికినా దొరుకడు గదనే!"

నాకూ నవ్వొచ్చింది. బిడ్డ కూడా నవ్వుతూ చెప్పింది, ఆ ముసలాయన పుస్తకమంతా అట్లాగే రాశాడట. కొన్ని చోట్ల మేము చూశాం అంటాడు, కొన్ని చోట్ల జాలరులు చెబితే విన్నాం అంటాడు, కొన్ని చోట్ల మేము లోపలికి పోలేదు, మాకు తెలియదు అంటాడు.

"పాతది గదనే. గిప్పుడు అన్ని మారి ఉంటయి" అన్నాడు మా ఆయన.

"మారినయి బాపు. కొత్తగ కట్టిన రేవు గోడలు గీన్ల లేవు. కానీ ప్రతి జాగను ఏ నెలల సూసిండో, ఏ గాలిల సూసిండో రాసిండు. ఎంత పాతదో, ఎంతవరకు నమ్మాల్నో నాకు ఎరుకైతది. కొత్తదాంట్ల అదే ఎరుక గాదు." కొత్త పుస్తకంలో ఫొటో మీద వేలు పెట్టింది. "నీళ్ళు అద్దం లెక్కున్నయి. పడవకు కట్టిన జెండా సూడు, యాలాడుతాంది. గాలి లేనినాడు తీసిన్రు. గాలి లేనినాడు అన్ని జాగలు మంచిగనే ఉంటయి బాపు."

ఆడబిడ్డ ఫొటోలోకి తొంగి చూసింది. సోఫా పక్కన ఉన్న కట్టలోంచి మా బ్రోచర్ ఒకటి లాగి పక్కన పెట్టింది. "గట్లంటే ఇది మనోని బ్రోచర్ లెక్కనే ఉన్నదన్నట్టు! ఈడు గూడ ఎండకాలమే ఫొటో తీపిస్తడు గదరా తమ్మీ!" అని తొడ మీద చరుచుకుని నవ్వింది. ఆమెకు కడుపులో ఏ విషమూ లేదు. బాగున్న మాట దొరికితే వదలదు, అంతే.

ఈసారి ఎవరం నవ్వలేదు.

ఎందుకంటే ఆ ఏడే, వానలు బాగా పడ్డ రోజుల్లో, చివరి వరుసలో ఇల్లు కట్టుకున్న ఒకామె, వెంచర్ పక్క ఊళ్ళోనే ఉన్న మా గుమ్మంలోకి వచ్చింది. గాజులరామారంలో అద్దెకుండి, ఇద్దరూ ఫ్యాక్టరీ పనికి పోయి కూడబెట్టుకుని కట్టుకున్న ఇల్లు. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. తల మీద పరుపు చుట్ట, అది కూడా తడిసింది. తిట్టడానికి వచ్చిందనుకుని నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆమె తిట్టలేదు. "అమ్మా, ఇంట్లకు నీళ్ళొచ్చినయి. గీ పరుపు మీ మిద్దె మీద ఆరేసుకోనా?" అని అడిగింది. ఆరేసి దిగి వస్తూ నన్ను పోల్చుకుంది. "నువ్వే గదా అమ్మా, గానాడు అన్నం పెట్టినవ్. మా ఆయన వద్దు వద్దంటుండె. నేనే జెప్పిన, గసొంటి తల్లి మంచిగుంటదన్నది గదా, ఏం గాదు అని." అదేదో నన్ను మెచ్చుకున్నట్టే అంది. నేను చాయ్ పెట్టి ఇచ్చాను. అంతకన్నా ఏమీ చేయలేకపోయాను. పరుపు ఆరలేదు, ముసురు వదలలేదు.

బిడ్డకు ఇంటికొచ్చిన రోజే నేను చెప్పాను. ఇదంతా హాల్లో ఉన్న అందరికీ తెలుసు, ఆడబిడ్డకు తప్ప.

మా ఆయన బ్రోచర్ తీసి కట్టలో దోపేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అంటే నేను తెచ్చింది పనికిరాదంటవ్."

"పనికొస్తది బాపు. డీజిల్ ఎక్కడ దొరుకుతది, మంచినీళ్ళు ఎక్కడ నింపుకోవాలె, గవన్ని గీన్లనే మంచిగున్నయి. పొద్దుగూకినంక నమ్మేటందుకే..."

ఆయన నా వైపు చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ చూపు నాకు బాగా తెలుసు. షామియానా కింద ఎవరైనా అడగరాని మాట అడిగితే నా వైపు అట్లాగే చూస్తాడు. నా నోరు దానంతట అదే కదిలింది.

"ఏం గాదు బిడ్డా. నాయిన పేమతోని తెచ్చిండు. అదే నమ్ము. దేవుని దయ, మంచిగనే ఉంటది."

అన్నాక వినబడింది నాకు. బిడ్డకు కూడా వినబడింది. చిన్నప్పుడు ఎన్నో ఆదివారాలు ఆమె షామియానా కింద నా పక్కన నిలబడి ప్లేట్లు అందించింది. ఆ మాట నా నోట ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియాలి.

"గది ప్లాటోల్లకు జెప్పేటి మాట గదమ్మా" అంది మెల్లగా. "నాక్కూడ అదేనా?"

నేల మీద గచ్చు చూస్తూ కూర్చున్నాను. ఇల్లు తుడిచేటప్పుడు కూడా ఆ గచ్చును అంతగా చూసి ఉండను. మా ఆడబిడ్డ ఏదో తేడా కనిపెట్టి, బస్సు టైమైతాందని లేచింది. మా ఆయన ఆమెను దిగబెడతానని బండి తాళాలు తీసుకున్నాడు. బిడ్డ మూడు పుస్తకాలూ ఒకదాని మీద ఒకటి సర్దింది. ఎండుచేపల వాసన వచ్చేదాన్ని అన్నిటికంటే పైన పెట్టింది.

ఆమె పోయే రోజు మా ఆయన స్టేషన్ దాకా వచ్చాడు. మాట్లాడలేదు, కానీ సంచి ఆయనే మోశాడు. నేను పచ్చడి సీసాలు కట్టిచ్చాను. చెప్పాలనుకున్నది ఒకటుంది, రైలు కదిలేదాకా నోటికి రాలేదు. రైలు కదిలాక చెప్పినా ఎవరికి వినబడుతుంది?

తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పను. వంట చేస్తూనే కిటికీలోంచి బట్టల తీగ చూసేదాన్ని. బట్టలు ఊగితే గాలి ఉన్నట్టు. మా ఊరి గాలికీ అక్కడి గాలికీ సంబంధం లేదని బిడ్డ ఫోన్లో చెప్పినా చూడటం మానలేదు. ఒకరోజు మా ఆయన కూడా వాకిట్లో నిలబడి ఆ తీగనే చూస్తుండగా కనిపించాడు. నన్ను చూసి, ఆరిన తువ్వాలు తీసుకుని లోపలికి వచ్చాడు.

ఆ నది దగ్గర ఆగిన సాయంత్రం ఫోన్ వచ్చింది. గాలి హోరు మధ్య మాట ముక్కలు ముక్కలుగా వినబడింది. "దీవి సాటుకు ఉన్నమమ్మా. లంగరు మంచిగ పట్టింది, కింద బురద. మొగకాడ అలలు తెల్లగ ఇరుగుతున్నయి, గిక్కడికి కనబడ్తాంది. గాలి మస్తున్నది. లోపలికి పోకపోవుడే మంచిగాయె."

మా ఆయన చెయ్యి చాపాడు. ఫోన్ ఇచ్చాను. చెవికి గట్టిగా అదిమి పెట్టుకున్నాడు.

"పాతదే నమ్మినవా?" అన్నాడు.

"అవును బాపు." ఆమే మళ్ళీ అంది, "నీది గూడ ఇప్పినా బాపు. దాంట్ల తప్పున్న కాడల్ల రాసుకుంట వస్తున్న. పుస్తకం అచ్చేసినోల్లకు పంపుత. మల్ల అచ్చుల దిద్దుకుంటరు."

"మనం తప్పు పట్టి పంపితే ఏసుకుంటరా?"

"ఏసుకుంటేనే అది పుస్తకం బాపు. లేకుంటే ఫొటోలే."

ఆయన ఫోన్ నాకిచ్చి వాకిట్లోకి పోయాడు. నేను అప్పుడు చెప్పాను, రైలు దగ్గర చెప్పలేనిది. "గానాడు నేను గట్లనొద్దుండె బిడ్డా." గాలి హోరులో ఆమెకు వినబడిందో లేదో. "ఏందమ్మా? ఇనబడ్తలేదు" అంది. "మంచిగ తిను" అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం బస్సు వచ్చింది. చలికాలం ఎండ హాయిగా ఉంది. నేల పొడిగా, గట్టిగా ఉంది. వెంచర్ గేటుకు కట్టిన రంగు జెండాలు కదలకుండా వేలాడుతున్నాయి. అంతకుముందు ఎన్నిసార్లు చూశానో ఆ జెండాలను, అట్లా ఎప్పుడూ చూడలేదు. బగారన్నం గంజు మూత తీసి వడ్డించడం మొదలుపెట్టాను.

చిన్న వయసామె, చంకలో పిల్ల ఉంది. ప్లేటు చాపుతూ అడిగింది. "అమ్మా, మాకు గా కింది వరుస సూపిచ్చిన్రు. చెరువు గాలొస్తదట గదా. వానకాలంల నీళ్ళేమన్న వస్తయా?"

మా ఆయన ఆమె వెనకాలే నీళ్ళ బాటిళ్ళు పంచుతున్నాడు. చెయ్యి ఆగింది. నా వైపు చూశాడు, ఆ చూపే.

"వస్తయి బిడ్డా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "మోకాళ్ళ దాంక వచ్చినయి గీ ఏడు. వానలల్ల మళ్ళొచ్చి సూసుకో. నీళ్ళున్ననాడు సూసి, అప్పుడు గూడ నచ్చితే తీసుకో."

ఆమె తల తిప్పి భర్తను వెతికింది. ఇద్దరూ గేటు దగ్గరికి పోయి మెల్లగా మాట్లాడుకున్నారు. అన్నం పూర్తిగా తినకుండానే బస్సులో పోయి కూర్చున్నారు. వాళ్ళను చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు లేచిపోయారు. షామియానా కింద నేనూ, గంజూ, సగానికి పైగా మిగిలిన అన్నమూ ఉన్నాం.

మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఈమెకు జెప్తివి" అన్నాడు. "ముందుగాల గొన్నోల్లకు ఏం జెప్తవ్?"

అది నన్ను అడిగాడో, తనను తాను అడుక్కున్నాడో తెలియలేదు. ఆ పుస్తకం రాసిన ముసలాయనకు భార్య మాట వినని సంగతి రాయడానికి ఎంతసేపు పట్టిందో, రాశాక ఎట్లా నిద్రపట్టిందో నాకు తెలియదు. నేను మాత్రం కింది వరుస వైపు చూడకుండా ఉండలేకపోయాను. అక్కడ ఆ ఇంటి వాకిట్లో ఆమె పరుపు ఎండలో వేసి కర్రతో దులుపుతోంది. మమ్మల్ని చూసింది. కర్ర పక్కన పెట్టి, చుట్టాన్ని చూసినట్టు చెయ్యి ఊపింది.

గరిటె ఉన్న చేతిని ఎత్తలేక, దించలేక నేను అట్లాగే నిలబడ్డాను.